భూకంపానికి నేల ఎలా ఊగుతుంది: అపోహలు – వాస్తవాలు

అపోహ: భూకంప కేంద్రానికి దూరంగా ఉంటే ముప్పు లేదు.

1985 సెప్టెంబరు 19న పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో వచ్చిన భూకంపం, 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మెక్సికో నగరంలో వేలమందిని బలిగొంది. అక్కడ రాతినేల మీదున్న విశ్వవిద్యాలయ స్టేషన్‌లో నమోదైన గరిష్ఠ త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 4 శాతమే. పూర్వపు సరస్సు అడుగున పేరుకున్న బంకమట్టి మీద అది 17 శాతానికి చేరింది. తేడా అంతా నేలదే.

అపోహ: మెత్తటి నేల మీద ప్రతి కట్టడానికీ ఒకే ప్రమాదం.

ప్రతి మట్టి పొరకూ ఊగడానికి తనదైన కాలం ఉంటుంది. పొర మందాన్ని నాలుగుతో హెచ్చించి, నేలను అడ్డంగా ఊపే ఎస్ తరంగాల వేగంతో భాగిస్తే అది తేలుతుంది. బాగా దెబ్బతిన్న ప్రాంతంలో బంకమట్టి మందం సుమారు 38 మీటర్లు, తరంగ వేగం సెకనుకు సుమారు 75 మీటర్లు. అంటే కాలం 2 సెకన్లు. పగుళ్లిచ్చేకొద్దీ తమ ఊపు కాలం పెరిగి ఆ లయకు దగ్గరైన 6 నుంచి 15 అంతస్తుల భవనాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఒకటి రెండంతస్తుల ఇళ్లు చాలావరకు నిలిచాయి. అందుకే ఊపు ఏ కాలం దగ్గర పెరుగుతుందో చెప్పగలగడం నేల ఊపును అంచనా వేసే ఏ పద్ధతికైనా మొదటి పరీక్ష.

అపోహ: నేల మీద అరగంట పరికరం పెడితే ఎన్ని రెట్లు ఊగుతుందో తెలిసిపోతుంది.

జపాన్‌కు చెందిన నకమురా 1989లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి భూకంపం కోసం ఆగనక్కరలేదు. వాహనాలు, గాలి, సముద్రపు అలల వల్ల నేలలో ఎప్పుడూ ఉండే సూక్ష్మ కంపనాలను నమోదు చేసి, క్షితిజ సమాంతర కంపనాన్ని నిలువు కంపనంతో భాగిస్తారు. మెత్తటి మట్టి కింద ఒక్కసారిగా గట్టి రాయి తగిలేచోట గ్రాఫులో శిఖరం స్పష్టంగా లేస్తుంది. అది ఏ కాలం దగ్గర లేచిందో నమ్మవచ్చు. దాని ఎత్తును మాత్రం ఊపు ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే వృద్ధి గుణకంగా చదవకూడదు. అసలు వృద్ధి తరచు అంతకంటే ఎక్కువే. చౌక కదా అని ఈ ఒక్క కొలతతో నగరాల ప్రమాద పటాలు గీయడం ప్రాణాలతో చెలగాటమే.

అపోహ: రాతి స్టేషన్‌తో పోల్చి తీసిన నిష్పత్తికి తిరుగులేదు.

శాస్త్రవేత్త బోర్‌చెర్ట్ 1970లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు నేలల ఊపును ఇలాగే రాతినేల ఊపుతో పోల్చారు. అందుకు నెవాడా అణుపరీక్షల కంపనాలు అక్కరకొచ్చాయి. ఎన్ని రెట్లు అన్న ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేది ఈ పద్ధతే. అయితే రాయి శిథిలమైనా, కొండ కొమ్ము మీద ఉన్నా, అదీ ఊపును పెంచుతుంది, నిష్పత్తి తగ్గిపోతుంది. పైగా చిన్న కంపనాలతో తేలిన గుణకం పెద్ద భూకంపానికి అన్నిచోట్లా వర్తించదు. గట్టిగా ఊగినప్పుడు చాలా నేలలు మెత్తబడి శక్తిని పీల్చుకుంటాయి. మెక్సికో బంకమట్టి అలా అంతగా మెత్తబడలేదు, 1985 నాటి విషాదానికి అదీ ఒక కారణం.

అపోహ: పై 30 మీటర్ల సగటు తరంగ వేగం తెలిస్తే చాలు.

నిర్మాణ నియమావళుల్లో నేలలను వర్గీకరించడానికి ఆ సంఖ్య పనికొస్తుంది. కానీ మెక్సికోలో మెత్తటి మట్టి 30 మీటర్ల దిగువకూ ఉంది. పొరలన్నీ సమతలంగా ఉన్నాయనుకుని చేసే కంప్యూటర్ లెక్కలో లోతు పొరలను చేర్చవచ్చు గాని, లోయ అంచుల ప్రభావం అందులోకి రాదు. 1995లో జపాన్‌లోని కోబేలో నష్టం ఇరుకైన పట్టీగా పరుచుకోవడానికి అంచు దగ్గర కలిసి బలపడిన తరంగాలు ఒక ముఖ్య కారణం. అలాంటిచోట ద్విమితీయ, త్రిమితీయ నమూనాలు తప్పనిసరి.