మీకు తెలుసా? కాలికింది ఇసుక మడతల కథ

కార్తీక పౌర్ణమి స్నానానికి బాపట్ల దగ్గరి సూర్యలంకకో, చీరాల దగ్గరి వాడరేవుకో, ఒంగోలు దగ్గరి కొత్తపట్నానికో వెళ్తాం. మోకాలి లోతు నీళ్లలో నిలబడితే అరికాలికి ఇసుక మడతలు మడతలుగా తగులుతుంది. మిరపచేలో బోదెలు తోలినట్టుండే ఆ మడతల సంగతులివి.

1. అల ఒడ్డుకొస్తుంది గానీ, లోతులో నీళ్లు దాంతోపాటు రావు. ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి. అల పొడవులో సగం లోతుకు వెళ్లేసరికి ఆ కదలిక దాదాపు ఆగిపోతుంది. 60 మీటర్ల పొడవున్న అల 30 మీటర్ల కిందున్న ఇసుకను కదిలించలేదు.

2. ఒడ్డు దగ్గర లోతు చాలక ఆ గుండ్రటి కదలిక అణిగిపోతుంది. నేల మీద నీరు ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మడతలు పుట్టేది ఆ ఊపులోంచే. మడతకూ మడతకూ మధ్య ఎడం చాలాసార్లు నీరు ఊగే దూరంలో సుమారు మూడింట రెండు వంతులుంటుంది.

3. నీరు మడత దాటగానే దాని చాటున చిన్న సుడి పుడుతుంది, ఇసుకను పట్టుకుంటుంది. నీరు వెనక్కి మళ్లగానే ఆ సుడి ఇసుకతో సహా పైకి లేస్తుంది.

4. అందుకే ఇసుక కొన్నిసార్లు అలకు ఎదురు నడుస్తుంది! ఒడ్డువైపు తోపు బలమైనది, ఎక్కువ ఇసుకను సుడిలో పోగేస్తుంది. కానీ అది పైకి లేచేసరికి నీరు సముద్రంవైపు మళ్లి ఉంటుంది. ఇసుకా అటే పోతుంది.

5. తుఫాను ఊపుకు మడతలు చెరిగి నేల చదునవుతుంది. అప్పుడు ఇసుక పొరలు పొరలుగా కదిలిపోతుంది. కడలి శాంతిస్తే మడతలు మళ్లీ మొలుస్తాయి.

6. లండన్ రాయల్ సొసైటీలో తన పరిశోధనను తానే చదివిన తొలి మహిళ హెర్తా ఎయిర్టన్. ఏడాది 1904, విషయం ఈ ఇసుక మడతలే. తొట్టెల్లో నీళ్లూ ఇసుకా పోసి, ఊపి చూసి ఆమె ఈ గుట్టు పట్టారు. 1906లో హ్యూస్ పతకం అందుకున్నారు.

7. మార్కాపురం వైపు కొండల్లో, నల్లమల రాళ్లలో 100 కోట్ల ఏళ్లకు పైబడిన మడతలు గట్టిపడి ఉన్నాయి. రెండువైపులా ఒకే వాలుంటే అలలు చేసినవి, ఒకవైపే నిటారుగా ఉంటే ఒకే దిక్కుకు పారిన నీరు చేసినవి. మనం ఓనమాలు దిద్దిన మార్కాపురం పలక మాత్రం నిలకడ నీటిలో పేరుకున్న బురద రాయిగా మారినది.

8. బాపట్ల, చీరాల తీరాన ఇసుక నేలల్లో దొరువులు తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి. వాననీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. అతిగా తోడితే కిందినుంచి ఉప్పు పైకొస్తుంది, ఇసుక తవ్వేస్తే నీరు నిలిచే చోటే పోతుంది. అలలు గింజ గింజగా మోసుకొచ్చి పోగేసిన ఆ ఇసుకే తీరపు ఊళ్లకు మంచినీళ్ల కుండ. దాన్ని కాపాడుకుందాం.