తెర మీద ఊగే గుండు

కంప్యూటర్ తెర మీద లోలకం ఊగుతుంటే అక్కడ దారమూ ఉండదు, గుండూ ఉండదు. ఉండేవి రెండు సంఖ్యలు: గుండు ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది. సెకనులో అరవయ్యో వంతు గడిచిందనుకుని ఆ రెండింటినీ న్యూటన్ సూత్రంతో మళ్లీ లెక్కగట్టి, బొమ్మను కాస్త జరిపి గీస్తారు. భౌతికశాస్త్ర సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ చాలావరకు చేసే పని ఇదే.

చిక్కంతా లెక్క వరుసలో ఉంది. పాత వేగంతోనే గుండును జరిపి, పాత స్థానాన్ని బట్టే వేగాన్ని మారిస్తే లేని శక్తి పుట్టుకొస్తుంది. సెకనులో పదో వంతు చొప్పున అంగలు వేయిస్తే మీటరు పొడవున్న లోలకం ఊపు ఒక్క డోలనంలోనే రెండింతలు దాటిపోతుంది. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో గుండును జరిపితే ఊపు అదుపులో ఉంటుంది. అదనపు లెక్క ఒక్కటీ లేదు, వరుస మారిందంతే. ఎరిన్ కాటో రాసిన బాక్స్‌టూడీ పట్టింది ఈ దారే. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్‌లో ఉండేలు నుంచి పిట్ట ఎగిరినా, పేర్చిన దుంగలు కూలినా దాని చలవే. స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఎర్నర్‌ఫెల్ట్ చదువులో భాగంగా చేసిన ‘ఫన్’ ఆ తర్వాత ‘ఆల్గోడూ’ అయింది. అందులో పిల్లలు చక్రం గీస్తే దొర్లుతుంది, నీళ్లు పోస్తే పల్లానికి పారతాయి.

బడికి దగ్గరైనది మాత్రం ‘ఫెట్’ అనే సిమ్యులేషన్ల కూర్పు. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. ఉచితం, కొన్ని తెలుగులోకీ వచ్చాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి కాబట్టి, 2023 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల గోడలకెక్కిన పెద్ద తెరలకు ఇవి బాగా అమరుతాయి.

ఫెట్ లోలకంలో భూమి గురుత్వ త్వరణం 9.81 మీ/సె². అది పారిస్ దరిదాపుల అంకె. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల, నడుము దగ్గర ఉబ్బి ఉండడం వల్ల భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఆ విలువ తగ్గుతుంది. 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న పొన్నూరులో లెక్క ప్రకారం అది దాదాపు 9.784. మీటరు లోలకం 20 డోలనాలకు తెర మీద 40.12 సెకన్లు పడితే, పొన్నూరు బళ్లో 40.17 పట్టాలి. అయిదు వందోవంతుల తేడా! స్టాప్‌వాచ్ నొక్కే వేలి ఆలస్యమే అంతకు మించి ఉంటుంది. దారం పొడవు కొలవడంలో మూడు మిల్లీమీటర్లు తప్పినా అంతే తేడా వస్తుంది. ఇంటర్ విద్యార్థి ప్రాక్టికల్ రికార్డులో 9.81 కచ్చితంగా వచ్చిందంటే ముందు ఆ రికార్డునే అనుమానించాలి. తెర మీది దారానికి సాగడం తెలియదు, ముడి జారడం తెలియదు. ప్రయోగశాల బల్ల దగ్గర ఈ రెండూ తప్పవు. అందుకే దారంతో ఒకసారి తంటాలు పడ్డాక తెర దగ్గరికి వచ్చినవాడికి అది చెప్పేది ఎక్కువ.

దారం చేయలేని పని తెర చేస్తుంది. ఒక్క మీట మారిస్తే లోలకం చంద్రుడి మీదికి పోతుంది. రెండు సెకన్ల డోలనం అయిదుకు చేరువవుతుంది. గురుగ్రహం మీద అది ఒకటింబావు. ఆ వరుసలోనే ‘ఎక్స్ గ్రహం’ కూడా ఉంది. దాని గురుత్వ త్వరణం ఎంతో తెర చెప్పదు. గడియారం పట్టుకుని డోలనాలు లెక్కపెట్టాల్సిందే.