కుక్క ఉన్న ఇంటికి పిల్లికూన వచ్చినప్పుడు

మన కర్నూలు, కడప సీమలలో కుక్కయు, పిల్లియు ఒకే ఇంట పెరుగుట క్రొత్త కాదు. వేరుశనగ మూటలు, జొన్న గాదెలు ఉన్నచోట ఎలుకలు చేరును. వాటికై పిల్లి కావలెను. వాకిట కాపలాకు కుక్క కావలెను. తెలుగు ఇంట ‘పిల్లి’ అని, ఉర్దూ ఇంట ‘బిల్లీ’ అని పిలిచినను దానిపై మమకారము ఒక్కటియే. ప్రవక్త సహచరులలో ఒకరైన హజ్రత్ అబూ హురైరా పేరునకు ‘పిల్లికూన తండ్రి’ అని అర్థము. అయితే మమకారము మాత్రమే పిల్లికూనను బ్రతికింపజాలదు. ఈ సంగతిని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

మా ఇంట ఒక కుక్కపిల్ల వాంతులతోను, నెత్తుటి విరేచనములతోను చనిపోయెను. మూడు నెలలు గడచిన పిమ్మట, మిగిలిన పెద్ద కుక్కకు తోడుగా ఒక పిల్లికూనను తెచ్చితిమి. చనిపోయిన కుక్కపిల్ల పండుకొన్న గోనెపట్టానే దులిపి దానికి పరచితిమి. పది దినములు తిరుగకుండగనే కూన తిండి మానెను. నీళ్ళ గిన్నె యెదుట తల వాల్చి కూర్చుండెను గాని నీరు త్రాగలేదు. మూడవ నాటికి చనిపోయెను. బల్లిని తిన్నదని ఇంటి పెద్దలు, దిష్టి తగిలినదని పొరుగువారు అనిరి. పశువైద్యులు మాత్రము ఆ గోనెపట్టా సంగతియే మరల మరల అడిగిరి.

వారు వివరించిన విషయము ప్రతి గృహస్థుడు తెలిసికొనదగినది. పిల్లులకు ‘ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా’ అను వ్యాధి కలదు. దాని వైరస్ ప్రేగులను చెరచి, రక్తములోని తెల్లకణములను నశింపజేయును. కూనలలో ఇది మిక్కిలి ప్రాణాంతకము. 1978లో ప్రపంచమంతటను కుక్కలలో ప్రబలిన పార్వో వ్యాధి వైరస్ ఈ పిల్లి వైరస్‌కు అతి దగ్గరి జ్ఞాతి. తరువాత పుట్టిన పార్వో రకములు పిల్లులకును సోకగలవు. ఈ వైరస్‌లు నేలపై, గుడ్డలపై నెలల తరబడి, అనుకూలముగా ఉన్నచో ఏడాది వరకును, నిలిచియుండును. కనుక కుక్క నుండి కూనకు కలుగు కీడు కంటికి కనబడు పంటి వలననే కాదు, కనబడని దాని వలనను కలుగును. కూనను కాపాడదలచినవారు మొదట తమ ఇంటిని, తమ కుక్కను చూచుకొనవలెను.

కావున కూన రాకమునుపే పాత పట్టాలను కాల్చివేయవలెను. మన ఇండ్లలో పరచిన కడప బండలు కడుగుటకు అనువైనవే గాని, వాటి సందులలో మురికి దాగును. మొదట సబ్బు నీటితో తోమి, పిమ్మట ద్రవరూపమున అమ్ము బ్లీచిని ఒక పాలునకు 30 పాళ్ళ నీరు కలిపి పోసి, పది నిమిషములు ఉంచి, మంచినీటితో కడిగి ఆరనీయవలెను. ఫినాయిలు వాడరాదు. అందలి పదార్థములను విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. పాదములకంటిన దానిని నాకినను విషమగును.

క్రొత్త కూనను రెండు వారములు వేరు గదిలో ఉంచవలెను. ఇది కుక్కకును మేలే. కూన వెంట వచ్చు తామర, నులిపురుగులు ఇంటిల్లిపాదికి అంటగలవు. గిన్నెలు వేరుగా ఉండవలెను. కుక్కను తాకిన చేతులు కడుగుకొని కూనను పట్టవలెను. కుక్క దగ్గుచున్నచో మరింత దూరము పాటింపవలెను; కుక్కలకు దగ్గు కలిగించు ఒక సూక్ష్మజీవి పిల్లులకును సోకును.

టీకా విషయమున తొందరయు, ఆలస్యమును రెండును చెరుపే. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ మొదటి వారములలో టీకాను పని చేయనీయదు. అది ఎప్పుడు తగ్గునో కూనకు కూనకు భేదించును. అందుచేతనే ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున మొదలిడి, మూడు నాలుగు వారములకొకసారి, పదునారు వారములు నిండువరకు టీకాలు వేయుదురు. ఒక్క సూదితో ముగిసినదని తలచుట పొరపాటు. కుక్కకు వేయు టీకా పిల్లికి పనికిరాదు.

టీకాయే కాదు, కుక్క మందులును పిల్లికి పనికిరావు. కొన్ని విషములు కూడ. పిడుదులు చచ్చుటకు కుక్కలకు, పశువులకు వాడు పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ మందులు పిల్లికి వణకును, మూర్ఛను, మరణమును కలిగింపగలవు. కుక్కకు అట్టి మందు పట్టించినచో మూడు దినములు కూనను దాని దరి చేరనీయరాదు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి పెద్ద పిల్లినైనను చంపగలదు.

చివరిగా రేబీస్ మాట. లక్షణములు కనబడిన పిమ్మట దీనికి చికిత్స లేదనియే చెప్పవలెను. మనుష్యులకు ఇది దాదాపు ఎల్లప్పుడును కుక్కకాటు వలననే వచ్చును. పిల్లికాటు వలనను రాగలదు. కూనకు మూడు నెలలు నిండగనే ఈ టీకా వేయించి, కుక్కతో పాటు మరల ఏటేట వేయించవలెను. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తన టీకాతో ఒక బాలునికి చికిత్స ప్రారంభించెను. ఆ దినమున మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా ఈ టీకా వేయుట పరిపాటి. కరచినచోటును పదిహేను నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను భయము ఇక వలదు. ఆ పాత మందు మన దేశమున 2005 నుండి వాడుకలో లేదు.

మన ఎండలలో వాంతి, విరేచనములు పట్టిన కూన ఒక్క దినములోనే ఎండిపోవును. మెడపై చర్మమును పట్టి విడిచినప్పుడు వెంటనే సర్దుకొననిచో శరీరమున నీరు తగ్గినదని గ్రహించి, నాటువైద్యముతో కాలము గడపక పశువైద్యుని చేరవలెను. కడప జిల్లాలోనే, ప్రొద్దుటూరులో, 2008 నుండి పశువైద్య కళాశాల నడచుచున్నది.

మా ఇంటికి తరువాత వచ్చిన కూన మొదటి రెండు వారములు మూసిన తలుపు వెనుకనే ఉండెను. కుక్క తలుపు క్రింది సందున ముక్కు పెట్టి వాసన చూచుచుండెను. నేడు ఆ రెండును ఒకే నీడన పండుకొనుచున్నవి. మొదటి కూనకు మేము ఆ రెండు వారముల తలుపు వేయలేదు. విద్యార్థి మిత్రులు ఆ తప్పు చేయకుందురు గాక.