మీకు తెలుసా? రైలు కిటికీలోంచి కనిపించిన ప్రాచీన జపాన్

జపాన్‌లో శాస్త్రీయ పురావస్తు తవ్వకాలకు నాంది పలికింది, దేశంలో అడుగుపెట్టిన కొద్ది రోజులకే రైలెక్కిన ఒక విదేశీయుడి చూపు! అమెరికా జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సిల్వెస్టర్ మోర్స్ సముద్రజీవుల పరిశోధన కోసం 1877 జూన్‌లో యోకోహామాలో దిగాడు. అక్కడి నుంచి టోక్యో వెళ్తుండగా, ఓమోరి దగ్గర పట్టాల కోసం తవ్విన గట్టులో గవ్వలు, ఆల్చిప్పల పొర ఆయన కంటపడింది.

• అమెరికాలోని మెయిన్ తీరంలో ఇలాంటి దిబ్బలను అంతకుముందే పరిశీలించి ఉండటంతో, అది ఆదిమానవులు తిని పారేసిన చిప్పల పోగు అని మోర్స్ వెంటనే గుర్తుపట్టాడు. అదే ఏడాది టోక్యో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, విద్యార్థులతో కలిసి అక్కడ తవ్వకాలు జరిపాడు.

• తవ్వకాల్లో ఎముక, కొమ్ము పనిముట్లు, మట్టిపాత్రలు దొరికాయి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే తాడుతో అద్దిన గుర్తులు కొన్ని పాత్రల మీద స్పష్టంగా కనిపించాయి. ఆ తాడు గుర్తుల పేరుతోనే ఆ పాత్రల కాలాన్ని నేడు ‘జోమోన్’ యుగం అంటున్నారు. తవ్వకాల నివేదిక 1879లో వెలువడింది.

• మోర్స్ ఊళ్లనూ ఇళ్లనూ అంతే శ్రద్ధగా చూశాడు. పైకప్పులు, వంటగదులు, చాపలు పరిచిన గదులు, పెరటి తోటలు - వీటన్నిటినీ తానే బొమ్మలు గీసి వివరిస్తూ 1886లో జపాన్ ఇళ్లపై ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో 300కు పైగా బొమ్మలున్నాయి.