పద్దు పుస్తకం పట్టిచ్చిన జబ్బు

బండి తాళాలు వంటింటి అటక మీదికెక్కిన రోజు నాకు బాగా గుర్తు. 2024 ఫిబ్రవరి. మావారు ఒక్క మాటా అనకుండా స్టూలేసుకుని, చింతపండు జాడీ వెనకాల తాళాలు పెట్టి దిగారు. అంటే ఇక మీదట కారు నేను నడపకూడదని అర్థం.

నేను చేసిన నేరం? ఎనిమిది నెలల్లో మూడుసార్లు మా కారు ముందు యాక్సిల్ పోయింది. "ఆడవాళ్లు నడిపితే ఇంతే, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగరేస్తారు" అన్నారు మెకానిక్ షెడ్డులో. ఆ మాటే ఇంట్లోనూ నిలిచింది.

మాది ఆదోని. మావారు మార్కెట్ యార్డులో ఒక పత్తి కమీషన్ కొట్లో లెక్కలు చూస్తారు. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడ అమ్మ ఒక్కతే ఉంటుంది. గుండె జబ్బు మనిషి. నాన్న పోయాక ఆ ఇల్లు వదిలి రమ్మంటే రాదు. వారానికి రెండుసార్లు నేనే వెళ్లి రావాలి. అందుకే ముప్పై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. 2022 జూన్‌లో చిన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. సెప్టెంబరులో లైసెన్సు వచ్చింది. మా వీధిలో కారు నడిపిన మొదటి ఇల్లాలిని నేనే అని అమ్మ ఎంత మురిసిపోయిందో!

ఆ రాత్రి రోడ్డు మీద

మూడోసారి యాక్సిల్ పోయినప్పుడు అమ్మ బండిలోనే ఉంది. సాయంత్రం నుంచి ఆయాసం. ఆదోని ఆసుపత్రికి తీసుకొస్తున్నాను. కోటేకల్ దాటుతుండగా ముందు నుంచి ధడధడమని వణుకు, తర్వాత ఒక్కసారిగా టంగుమని మోత. ఆ పైన ఇంజన్ అరుస్తోంది, గేరు పడుతోంది, బండి మాత్రం కదలదు. అప్పటికే చీకటి పడింది. అమ్మ నా భుజం మీద తల వాల్చేసింది.

మిరప కోతకు వెళ్లి వస్తున్న కూలీల ఆటో ఒకటి ఆగింది. "జరగండే, పెద్దమ్మను పండుకోనీయండి" అంటూ వాళ్లు ముడుచుకుని కూర్చుని చోటిచ్చారు. ఒకామె అమ్మ పాదాలు తన ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక అమ్మ తేరుకుంది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో అని డాక్టరమ్మ అన్నప్పుడు నా కాళ్లలో సత్తువ పోయింది.

మర్నాడే తాళాలు అటకెక్కాయి. కోపంతో కాదు, భయంతోనే. అది నాకూ తెలుసు. కానీ నా మనసు ఒప్పుకోలేదు. తప్పు నిజంగా నాదే అయితే సరే. కాకపోతే? అదే బండిలో రేపు మావారు పిల్లల్ని తీసుకెళ్లరా?

లెక్క ఏం చెప్పింది?

నేను బి.కాం. చదివినదాన్ని. కథలు రాసుకోవడం ఎంత ఇష్టమో, పద్దు రాయడం అంత అలవాటు. పాలు, గ్యాసు, పిల్లల ఫీజులతోపాటు కారుకు పెట్టిన ప్రతి పైసా, ఆ రోజు మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపించిందీ రాస్తాను. ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

2022 జూన్: బండి కొన్నాం, 46,800 కిలోమీటర్లు.
2023 ఏప్రిల్: 58,600. మరిది స్ప్రింగులు మార్పించాడు.
2023 జూలై: 61,240. ఎడమ యాక్సిల్ జాయింటు, రూ.2,400.
2023 నవంబరు: 64,900. మళ్లీ ఎడమదే, మొత్తం యాక్సిల్, రూ.3,800.
2024 ఫిబ్రవరి: 67,100. ఎడమది విరిగింది, కుడిదీ అరిగింది. రెండూ మార్చారు, రూ.7,600.

ఒకటికి రెండుసార్లు చదివాను. కొన్న పది నెలల్లో దాదాపు పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగితే యాక్సిల్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాత ఎనిమిదిన్నర వేలు తిరిగేలోగా మూడు రిపేర్లు, 13,800 రూపాయలు. నేను నడపడం మొదలుపెట్టింది స్ప్రింగులు ముట్టుకోవడానికి ఏడు నెలల ముందు. చూశారా! తప్పు నా కాలిది కాదు, మరేదో ఉంది.

ఇంతకీ ఆ స్ప్రింగుల కథేమిటంటే, మా మరిది ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బండి నేలకు ఆనినట్టు ఉంటే అందమట. సెలవులకు వచ్చినప్పుడు బండి తీసుకెళ్లి నాలుగు స్ప్రింగులూ కోయించి, రెండంగుళాలు కిందికి దించుకొచ్చాడు. "ఎట్లుంది వదినా?" అని అడిగితే, పిల్లలు చప్పట్లు కొడుతుంటే, నేనూ బాగుందనే అన్నాను. ఆ పాపంలో నాకూ పాలు ఉంది.

గుంతలోకి దిగి చూస్తేనే

పుస్తకం మావారి ముందు పెట్టాను. ఆయనా లెక్కల మనిషే. చాలాసేపు చూసి, "సరే, ఇంకొకరికి చూపిద్దాం" అన్నారు.

ఎమ్మిగనూరులో మా నాన్నకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు. ఆయన షెడ్డులో కొత్త మిషన్లేవీ లేవు, నేలలో తవ్విన గుంత ఒకటుంది. బండిని గుంత మీదికి ఎక్కించి, తాను కిందికి దిగి చూస్తాడు. నాకు మా ఇంటి గుంత మగ్గం గుర్తొచ్చింది. మాచాని సోమప్పగారు 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘానికి నాన్న పనిచేసేవాడు. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటేనే నేత కుదురుతుంది అనేవాడు.

ఆయన నన్నే అడిగాడు: "వణుకు ఎప్పుడొస్తాదమ్మా? కాలు తీస్తే పోతాదా, పోదా?"

ఇంతవరకు ఏ షెడ్డులోనూ నన్నెవరూ ఈ ప్రశ్న వేయలేదు. ఆలోచించి చెప్పాను. ఎక్సలేటర్ తొక్కినప్పుడు, అందులోనూ బండి నిండా మనుషులున్నప్పుడు వస్తుంది. కాలు తీయగానే పోతుంది. ఇంటి మలుపులో చక్రం పూర్తిగా తిప్పితే కటకటమంటుంది.

"ఇంకేం, రోగం నువ్వే చెప్పేస్తివి" అని నవ్వాడు.

ముందు పాత యాక్సిల్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పొడవు కొలిచాడు. తేడా లేదు. వస్తువు తప్పు కాదు. తర్వాత జాకీ మీద ఎత్తి చూపించాడు. అంతా చక్కగా ఉంది. "చూసినారా? పైకెత్తితే చక్రం కిందికి వేలాడతాది. వంకర కనబడదు. ఇన్నాళ్లూ అందరూ ఇట్లే చూసినారు." బండి దించి గుంత మీదికి తెప్పించి, ముందు నన్నూ మావారినీ, వెనక ఇద్దరు కుర్రాళ్లనూ కూర్చోబెట్టి కిందికి దిగాడు. తర్వాత ఒక్కొక్కరినే పిలిచి చూపించాడు. గేరుబాక్సు నుంచి చక్రానికి పోయే ఇనుప కాడ అడ్డంగా ఉండాల్సింది, పైకి ఎగదన్ని ఉంది. లోపలి జాయింటు రబ్బరు తొడుగు ఒకవైపు నలిగిపోయింది. ఇంజన్ ఫౌండేషన్ రబ్బరు కూడా చిట్లింది.

అసలు యాక్సిల్ కథ

అంబాసిడర్, పద్మినీ కార్లలో ఇంజన్ ముందున్నా, బండిని తోసేవి వెనక చక్రాలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన దేశంలో ముందు చక్రాలు లాగే చిన్న కార్లు మామూలయ్యాయి. ముందు చక్రం బండిని లాగాలి, మలుపు తిరగాలి, గతుకులకు పైకీ కిందికీ ఊగాలి. ఈ మూడూ ఒకేసారి జరగాలంటే ఆ కాడకు రెండు చివర్లా మోచేయిలాంటి కీళ్లు ఉండాలి. గోళీల మీద తిరిగే అలాంటి కీలును 1920లలో ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించాడు. నేటి కార్లలో చక్రం వైపు ఉండే కీలు ఎక్కువగా ఆ కోవదే.

మజ్జిగ చిలికేటప్పుడు చూడండి. కవ్వం నిటారుగా ఉంటే ఎంత తిప్పినా చప్పుడుండదు. వంచి తిప్పితే కుండ అంచుకు కొట్టుకుంటుంది. యాక్సిల్ కూడా అంతే. స్ప్రింగులు కోస్తే బండితోపాటు ఇంజనూ గేరుబాక్సూ కిందికి దిగుతాయి. చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. దాంతో కాడ వాలిపోతుంది. కీలు ఎప్పుడూ వంకరలోనే తిరుగుతూ వేడెక్కుతుంది, అరుగుతుంది. తొడుగు చిరిగి గ్రీజు బయటికి చిమ్ముతుంది, మన నల్లరేగడి దుమ్ము లోపలికి చేరుతుంది. ఆపైన ఆ కీలు ఎన్నాళ్లో బతకదు.

మరి ప్రతిసారీ ముందు ఎడమదే ఎందుకు పోయింది? మా బండిలో గేరుబాక్సు ఎడమవైపుంది. కాబట్టి ఆ కాడ పొట్టి. నిచ్చెన కాలు గోడకు దగ్గరగా వేస్తే ఎక్కువ నిట్రంగా ఉంటుంది కదా! అలాగే ఒకే ఎత్తు తేడాకు పొట్టి కాడకు వాలు ఎక్కువ. ఒకటి విరిగితే బండి ఎందుకు కదలదంటే, ఇంజన్ బలమంతా విరిగిన వైపుకే పోయి ఊరికే తిరుగుతుంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతీ లెక్క కట్టాం. మా కారు కింద ఖాళీ మొదట్లో 17 సెంటీమీటర్లు. దించాక 12. అందరం కూర్చుంటే ఇంకో రెండు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం కట్టినా స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. మన వీధుల్లో ఆ వెడల్పు ఎక్కడుంది? గోడలా లేపుతారు. నేను ఎంత మెల్లగా ఎక్కించినా కింద తగలక మానదు.

చికిత్స

కంపెనీ కొలత స్ప్రింగులు నాలుగూ, వాటి రబ్బర్లూ, ఇంజన్ ఫౌండేషన్, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లు మార్చారు. చివర్లో వీల్ ఎలైన్‌మెంట్ చేయించాం. లోపలి అంచు అరిగిన రెండు టైర్లు మార్చక తప్పలేదు. ఇరవై వేలు దాటింది. బాధే. కానీ ఆ తర్వాత ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగాం, యాక్సిల్ పద్దులో ఒక్క రూపాయి లేదు.

ఇంకో సంగతి మాకు తర్వాత తెలిసింది. తయారీదారు ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బీమా క్లెయిము దగ్గర వచ్చే చిక్కు వేరే.

మీరూ గమనించండి

కారు నడిపే అక్కచెల్లెళ్లు ఈ నాలుగు గుర్తులు తెలుసుకుంటే షెడ్డులో ఎవరూ మనల్ని తక్కువ చేయలేరు.

* చక్రం పూర్తిగా తిప్పి ముందుకు కదిలేటప్పుడు కటకటమంటే చక్రం వైపు జాయింటును అనుమానించాలి.
* ఎక్సలేటర్ తొక్కితే వణికి, కాలు తీస్తే ఆగితే లోపలి జాయింటు. తొక్కినా తీసినా ఒకే వేగం దగ్గర స్టీరింగ్ ఊగితే టైర్ల బ్యాలెన్సింగు.
* వేగం పెరిగేకొద్దీ గుయ్యిమనే మోత పెరిగితే బేరింగు. గతుకుల్లో టకటకమంటే లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు.
* చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. తొడుగు చిరిగిన కొత్తలోనే మారిస్తే జాయింటు దక్కుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి రిపేరూ తేదీతో, కిలోమీటర్లతో, ఏ వైపో రాసిపెట్టుకోండి. ఒకే భాగం రెండోసారి పోతే, దాన్ని మార్చడంతో సరిపెట్టుకోకుండా "ఎందుకు పోయింది?" అని అడగండి. జాకీ మీదే కాదు, చక్రాలు నేల మీదున్నప్పుడు కూడా చూడమనండి.

మరిది పండక్కి వచ్చినప్పుడు చాలాసేపు నా ముఖం చూడలేదు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "వదినా, ఆరోజు అత్తమ్మకేమన్నా అయ్యుంటే..." అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. ఒక గిన్నెలో బొరుగుల ఉగ్గాణి పెట్టి చేతికిచ్చాను.

తాళాలు ఇప్పుడు వీధి తలుపు పక్కన మేకుకు ఉంటాయి. తీసి తగిలించింది మావారే. నిన్న అమ్మను పరీక్షకు తీసుకెళ్తుంటే, కోటేకల్ దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుంది. భయపడిందేమో అనుకున్నాను.

"ఆ మిరప కోత పిల్లలు మల్ల కనబడితే ఆపే. మన బండిలో దింపుదాం" అంది.