వాహనముల బ్రేకులు – పంచాయతీల కర్తవ్యము

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు మార్గము నేడు రాత్రింబవళ్లు వాహనములతో నిండియుండును. మణుగూరు బొగ్గు లారీలు, సారపాక కాగితపు మిల్లునకు జామాయిల్ కర్ర తెచ్చు లారీలు, రామాలయమునకు వచ్చు యాత్రికుల కార్లు, మిరప కోతలకు కూలీలను చేరవేయు ఆటోలు, ట్రాక్టర్లు అన్నియు ఈ దారినే పోవుచుండును. 1965లో భద్రాచలమున గోదావరిపై వంతెన ప్రారంభమగువరకు ఏటిని పడవలపై దాటిన ప్రాంతమిది. నేడు అడవిలోపలి గూడెములకు సైతము మోటారు వాహనము చేరినది. వాహనము నడుచుట అందరి కంటను పడును. అది ఆగవలసిన చోట ఆగుట మాత్రము, ఆగనినాడు గాని మనకు గుర్తునకు రాదు.

కొంతకాలము క్రిందట మేము ప్రచార కార్యక్రమముపై అద్దె కారులో భద్రాచలము నుండి చింతూరు వైపు పోవుచుంటిమి. అచటినుండి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగవలసియున్నది. దారిలో ఒక ఆవు అడ్డు రాగా డ్రైవరు బ్రేకు తొక్కెను. పెడలు నేలను తాకినను కారు ఆగలేదు. మరల తొక్కగా ఆవునకు మూరెడు దూరములో ఆగినది. మేము కారణమడుగగా, "రెండుసార్లు తొక్కితే పట్టుద్ది సార్, నెల నుంచి ఇట్టాగే నడుపుతున్నా" అని అతడు నిబ్బరముగా చెప్పెను.

ఘాట్ మాట మాని, ముందుగా మెకానిక్కు వద్దకు పోయితిమి. అతడు వెనుక చక్రమును విప్పి చూపెను. చక్రములోని చిన్న సిలిండరు రబ్బరు చినిగి బ్రేకు ఆయిల్ కారుచున్నది. ఆ ఆయిల్ బ్రేకు షూలను తడిపి వాటి పట్టును పోగొట్టినది. కొన్ని గంటల పనితో బ్రేకు బాగుపడినది. నెల రోజులుగా ఆ కారు తన జబ్బును ప్రతి దినమును చెప్పుచునే యున్నది, విన్నవారు లేరు. బ్రేకు ఒక్కసారిగా చెడుట అరుదు. అది ముందుగా గుర్తులను చూపును. ఆ గుర్తులను తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

బ్రేకు పనిచేయు విధము

మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో, ఆ ఒత్తిడి అన్ని వైపులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించెను. కారు బ్రేకు ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. మనము పెడలు తొక్కగానే మాస్టర్ సిలిండరులోని బ్రేకు ఆయిల్ సన్నని గొట్టముల ద్వారా నాలుగు చక్రములకును ఒత్తిడిని చేరవేయును. ముందు చక్రములలో ఆ ఒత్తిడి రెండు ప్యాడ్లను ఇనుప డిస్కునకు అదుమును. పెక్కు చిన్న కార్లలో వెనుక చక్రములకు డ్రమ్ములుండును. వాటిలో షూలు విచ్చుకొని డ్రమ్ము గోడను ఒరయును. ఆ ఒరపిడి వలన బండి వేగము వేడిగా మారి గాలిలో కలిసిపోవును. కావున బ్రేకనగా వేగమును వేడిగా మార్చు యంత్రమని తెలిసికొనవలెను.

వేగము రెండింతలైనచో బ్రేకు చేయవలసిన పని నాలుగింతలగును. పొడిగానున్న తారు రోడ్డుపై, మంచి బ్రేకులు గల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. అపాయమును చూచి కాలు పెడలు మీద వేయుటకు ఒక సెకను పట్టును; ఈలోగా కారు 11 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన పిదప ఇంకొక 9 మీటర్లు జరుగును. వెరసి 20 మీటర్లు. అదే కారు 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో మొదటి సెకనులో 22, తరువాత 36, వెరసి 58 మీటర్లు కావలెను. రోడ్డు తడిసినను, బరువు మించినను, దిగుడు దారి అయినను ఈ దూరము ఇంకను పెరుగును. ఊరి బడి ముందు వేగము తగ్గింపుమని కోరుట ఇందువలననే.

దిగుడు దారిలో జాగ్రత్త

ఎడ్లబండి దిగుడులో పడినపుడు ఎడ్లు కాడిని మెడతో వెనుకకు నిలద్రొక్కి బండిని అదుపులో నుంచును. ఆ దిగుడులోనే ఎడ్లను విప్పివైచువాడు ఎవ్వడును ఉండడు. మోటారు వాహనమునకు గేరులో నున్న ఇంజనే ఆ ఎడ్ల జత. డీజిలు మిగులునని న్యూట్రల్‌లో బండిని దింపుట ఎడ్లను విప్పివైచుట వంటిది. బరువంతయు అపుడు బ్రేకులపైననే పడును. నేటి ఇంజన్లు గేరులో దిగునపుడు, యాక్సిలరేటరు మీద కాలు లేనిచో, తామే ఇంధనమును ఆపివేయును. కావున న్యూట్రల్ వలన మిగులునది ఏమియు లేదు. ఇంజనును పూర్తిగా ఆపి దింపుట మరింత ప్రమాదము. పెడలునకు తోడ్పడు బూస్టరు రెండు మూడుసార్లు తొక్కగానే శక్తి కోల్పోవును. పెడలు రాయివలె బిగియును.

ఘాట్‌లో ఎడతెగక బ్రేకు తొక్కి పట్టినచో ప్యాడ్లు, డ్రమ్ములు మితిమీరి వేడెక్కి పట్టు సడలును. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము వలె ఆవిరి ఒత్తిడిని చేరవేయజాలదు. పెడలు మెత్తగా లోపలికి పోవును. అందుచేత, ఏ గేరులో కొండ ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెనను పాత నియమమును మరువరాదు. బ్రేకును గట్టిగా కొద్దిసేపు నొక్కి, వేగము తగ్గినంతనే వదలవలెను. కాలిన వాసన వచ్చినచో విశాలమైన చోట ఆపి చల్లారనీయవలెను. వేడి డ్రమ్ములపై నీరు పోయరాదు, అవి పగులును.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ దిగుచున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. బ్రేకులు పట్టకపోవుటయు, పరిమితికి మించి జనము నెక్కించుటయు కారణములని నాడు చెప్పబడినది. చనిపోయినవారిలో అత్యధికులు చుట్టుపట్ల గ్రామముల సామాన్య ప్రజలే.

బ్రేకు చూపు గుర్తులు

ఈ క్రింది గుర్తులలో ఏది కనిపించినను బండిని వెంటనే మెకానిక్కునకు చూపవలెను.

1. పెడలు మెత్తగా నుండి రెండు మూడుసార్లు తొక్కిన గాని పట్టకపోవుట: గొట్టములలో గాలి చేరినది, లేదా షూలు అరిగినవి, లేదా ఆయిల్ కారుచున్నది.

2. తొక్కి పట్టిన పెడలు మెల్లగా క్రిందికి దిగుట: మాస్టర్ సిలిండరు లోపల గాని మరెక్కడనైన గాని ఆయిల్ జారిపోవుచున్నది.

3. బ్రేకు వేయగా బండి ఒక ప్రక్కకు లాగుట: ఒక చక్రమున బ్రేకు బిగిసినది, లేదా ఆయిల్ తగిలి షూ పట్టు పోయినది.

4. కీచుమను శబ్దము: ప్యాడ్లు అరుగవచ్చినవి. కరకరమను శబ్దము వచ్చినచో ప్యాడు పూర్తిగా అరిగి ఇనుమును ఇనుము రాచుకొనుచున్నది.

5. పెడలు అదురుట: డిస్కు వంకరపోయి యుండవచ్చును. ఏ.బి.ఎస్. అమర్చిన బండ్లలో గట్టిగా తొక్కినపుడు పెడలు కొట్టుకొనుట సహజము. అట్టి బండిలో పెడలును వదలక తొక్కి పట్టవలెను.

6. చక్రము లోపలి వైపున తడి, ఆయిల్ డబ్బాలో మట్టము తగ్గుట, బ్రేకు ఎర్ర దీపము వెలుగుట.

ప్రతి దినము బండి తీయుటకు ముందు ఒక నిమిషములో చేయదగిన పరీక్ష కలదు. ఇంజను ఆపియుండగా పెడలును నాలుగైదుసార్లు తొక్కవలెను. పిదప తొక్కి పట్టి ఇంజను స్టార్టు చేయవలెను. పెడలు కొద్దిగా దిగి నిలిచినచో బూస్టరు బాగున్నట్లు. అరనిమిషము పట్టియుంచినను ఇంకను దిగనిచో ఆయిల్ కారుట లేనట్లు. తరువాత నెమ్మదిగా కదలి పది గజములలో ఒకసారి ఆపి చూడవలెను.

పోషణ

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగును. డాట్ 3 రకపు ఆయిల్ క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగదు. తేమ పట్టిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవును. కావున రెండేండ్లకొకసారి ఆయిల్ మార్పించి, గొట్టములలోని గాలి తీయించవలెను. డబ్బా మూతపై వ్రాసిన రకమునే పోయవలెను. దొరకనపుడు ఇంజను ఆయిల్ పోయు అలవాటు కొన్ని చోట్ల కలదు. అది బ్రేకును చంపుటయే. లోపలి రబ్బరులన్నియు ఉబ్బి పాడగును.

ప్యాడ్ల మందము సుమారు 3 మిల్లీమీటర్లకు తగ్గినచో మార్చవలెను. ఒక్క చక్రమునకే మార్పక, ఎడమ కుడి చక్రములకు జతగా మార్పించవలెను. మట్టి రోడ్ల దుమ్ము డ్రమ్ములలో చేరును గనుక అడవి దారుల బండ్లకు తరచుగా విప్పి శుభ్రము చేయించుట మేలు. ఆ దుమ్మును నోటితో గాని గాలి పంపుతో గాని ఊదరాదు. పాత షూలలో ఊపిరితిత్తులకు చేటు చేయు ఆస్బెస్టాసు ఉండవచ్చును. తడిగుడ్డతో తుడిచి వేయవలెను.

వానకాలమున మన ప్రాంతమునకు ప్రత్యేకమగు చిక్కు కలదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటెను. అంతటి వరద రాకున్నను, వాగులు ప్రతి సంవత్సరము రోడ్లను ముంచుచునే యుండును. పొంగు వాగును దాటనే రాదు. తక్కువ నీటిని దాటిన పిదప సైతము తడిసిన షూలు పట్టవు. కొంత దూరము నెమ్మదిగా పోవుచు పెడలును తేలికగా నొక్కి ఆరనీయవలెను. వరద నీటిలో మునిగిన బండికి ఆయిల్ మార్పింపక నడుపరాదు.

పంచాయతీ ట్రాక్టరు

2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. కావున బ్రేకుల సంగతి పంచాయతీ సభ్యులకు పరుల పని కాదు.

ట్రాక్టరునకు ఎడమ కుడి చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లుండును. పొలములో మలుపులకు ఇది సౌకర్యము. రోడ్డుపై మాత్రము రెండింటిని కొక్కెముతో కలిపియే నడుపవలెను. కలుపక ఒక్కటే తొక్కినచో ట్రాక్టరు గిరుక్కున తిరిగి బోల్తాపడును. రెండు పెడళ్లును సమానముగా పట్టునట్లు సరిచేయించవలెను. 5,000 లీటర్ల ట్యాంకరు నిండినచో నీటి బరువే 5 టన్నులు. ట్రాక్టరు బరువు సాధారణముగా అందులో సగము కూడ నుండదు. ట్యాంకరునకు తన బ్రేకు లేనిచో ఆ బరువంతయు దిగుడులో ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. సగము నిండిన ట్యాంకరులో నీరు ముందునకు వెనుకకు కొట్టుకొని మరింత చిక్కు తెచ్చును. తక్కువ గేరు, తక్కువ వేగము తప్ప వేరు రక్షణ లేదు. ట్రాలీలో మనుషుల నెక్కించుట ఎన్నడును తగదు.

బ్రేకు పట్టకపోయినచో

కంగారుపడి ఇంజను ఆపరాదు. పెడలును వడివడిగా పలుమార్లు తొక్కవలెను. నేటి కార్లలో రెండు భాగములుగా గొట్టములుండుటచే ఒక భాగము పనిచేయవచ్చును. ఒక్కొక్క గేరు తగ్గించుచు, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగవలెను. హారను మ్రోగించి దీపములు వెలిగించవలెను. ఘాట్‌లో లోయ వైపు పోనీయక కొండ వైపు రాచుచు ఆపవలెను. బండికి గీతలు పడినను ప్రాణములు నిలుచును.

పంచాయతీలు చేయదగినవి

పంచాయతీ ట్రాక్టరునకు ఒక పుస్తకము తెరచి, బ్రేకులు చూపించిన తేదీ, మార్చిన భాగములు వ్రాయించవలెను. డ్రైవరు లోపము చెప్పిననాడు బండిని ఆపుటకు అతనికి అధికారమీయవలెను. పని ఆగినదని కోపపడరాదు. మరమ్మతు ఖర్చును సమావేశమున ముందుగానే మంజూరు చేసి యుంచుట మంచిది. బడి పిల్లలను తీసికొనిపోవు ఆటోలకు, వ్యానులకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు అమలులో నున్నదా యని విచారించవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను ప్రకారము రవాణా వాహనములకు ఇది తప్పనిసరి. లోపము గల బండిని తెలిసియు రోడ్డుపై నడుపుట 190వ సెక్షను క్రింద నేరము. దిగుడు దారుల మొదట "తక్కువ గేరు వేయుడు" అను బోర్డు వ్రాయించుట స్వల్ప వ్యయముతో జరుగు పని.

బ్రేకు షూల జత ఖరీదు ఎంతయైనను, ఒక కుటుంబపు దుఃఖముతో దానికి పోలిక లేదు. "రెండుసార్లు తొక్కితే పట్టుద్ది" అను మాట మీ గ్రామమున ఏ డ్రైవరు నోట వినిపించినను, ఆ బండిని ఆ దినమే ఆపించుడు. రెండవసారి తొక్కుటకు వ్యవధి దొరకని దినము ఒకటి రావచ్చును.