రక్తంలోని మందును పూసలు పట్టేస్తాయా?

బాలాపూర్‌లో మా చుట్టుపక్కల ఇళ్లలో గుండె కవాటం మార్పించుకున్నవాళ్లున్నారు, స్టెంటు వేయించుకున్నవాళ్లున్నారు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లివచ్చేవాళ్లూ ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే గోలీల గురించి వాళ్ల దగ్గర తరచూ వినబడే మాటలే ఇవి.

అపోహ: ఈ గోలీలు వేసుకుంటే రక్తం నీళ్లలా పలుచబడుతుంది.

వాస్తవం: రక్తం చిక్కదనం ఏమీ మారదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. వార్ఫరిన్, అసిట్రోమ్ కాలేయంలో విటమిన్-కె చేసే పనికి అడ్డుపడతాయి. అలాగని విటమిన్-కె ఉండే పాలకూర, తోటకూర మానెయ్యక్కర్లేదు. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.

అపోహ: మందు ఎక్కువైతే డయాలసిస్ మీద పెట్టి కడిగేస్తారు.

వాస్తవం: వార్ఫరిన్‌లో దాదాపు 99 శాతం అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. డయాలసిస్ పొర అల్బుమిన్‌ను దాటనివ్వదు కనుక మందూ లోపలే ఉండిపోతుంది. దానికి విరుగుడు విటమిన్-కె. ప్రాణం మీదికి వస్తే గడ్డకట్టించే ప్రొటీన్లను ఎక్కిస్తారు. డాబిగాట్రాన్ అనే మరో మందు సంగతి వేరు. అందులో మూడో వంతే ప్రొటీన్‌కు అంటుకుంటుంది, కాబట్టి డయాలసిస్‌లో చాలావరకు బయటికి వచ్చేస్తుంది.

అపోహ: కొత్తగా ప్లాస్టిక్ పూసల ఫిల్టర్ వచ్చింది, జల్లెడలా అన్ని మందుల్నీ వడగట్టేస్తుంది.

వాస్తవం: ఇది జల్లెడ కాదు. సైటోసార్బ్ అనే ఆ డబ్బాలో పట్టేది 300 మిల్లీలీటర్లు. లోపల పాలీస్టైరీన్ జాతి పాలిమర్ పూసలు, ఒక్కో పూస నిండా కంటికి కనబడని రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే 45,000 చదరపు మీటర్లకు పైనే, అంటే మన లెక్కన 11 ఎకరాలు! రక్తకణాలు, అల్బుమిన్ ఆ రంధ్రాల్లో పట్టవు. ప్రొటీన్‌ను వదిలిన కాస్త మందు లోపలికి వెళ్లి గోడకు అతుక్కుంటుంది. ఆ ఖాళీలోకి ఇంకొంచెం మందు ప్రొటీన్‌ను వదిలి వస్తుంది. డయాలసిస్ చేయలేని పని ఇలా జరుగుతుంది. నాకు ఇందులో అన్నిటికన్నా అబ్బురం ఇదే.

అయినా దీని పరిధి చిన్నది. గుండె ఆపరేషన్ సమయంలో టికాగ్రెలార్, రివరాక్సబాన్ అనే గడ్డకట్టనివ్వని మందులను తీయడానికి దీనికి యూరప్‌లో 2020లో అనుమతి దొరికింది. టికాగ్రెలార్ కోసం సైటోసార్బ్ తయారీ సంస్థే తెచ్చిన ఇలాంటి పరికరానికి అమెరికా నియంత్రణ సంస్థ 2025లో అనుమతి నిరాకరించింది.

రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్‌గా ఇచ్చే హెపారిన్‌ను ఈ పూసలు చెప్పుకోదగ్గంతగా పట్టవు. పందిపేగుల నుంచి తీసే ఆ మందు హైదరాబాద్‌కు పాత చుట్టమే: 1953లో డి.వి.కె. రాజు స్థాపించిన బయలాజికల్ ఇ సంస్థ దేశంలో దాని తయారీకి దారి వేసింది. హెపారిన్ మీద రుణావేశం బాగా ఎక్కువ. దాన్ని పట్టాలంటే ధనావేశమున్న పదార్థం కావాలి. ఇప్పటికి ఆ పని చేస్తున్నది చేపల వీర్యం నుంచి వచ్చిన ప్రోటమిన్. అది కొందరికి పడదు, రక్తపోటు పడిపోతుంది. రొయ్య పెంకుల నుంచి చేసే కైటోసాన్, పాలీలైసిన్ లాంటి పాలిమర్లతో పరిశోధనలు అందుకే సాగుతున్నాయి.

అపోహ: పన్ను పీకించుకునే ముందు నాలుగు రోజులు గోలి మనమే ఆపేస్తే మంచిది.

వాస్తవం: లోహపు కవాటం ఉన్నవాళ్లకు ఇది పక్షవాతం తెచ్చిపెట్టగలదు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి. అంతకన్నా ముందు ఒక చీటీ మీద మందు పేరు, మోతాదు, రోజూ వేసుకునే వేళ రాసి జేబులో పెట్టుకోండి. ప్రమాదం జరిగి స్పృహలేకుండా ఆసుపత్రికి చేరితే విటమిన్-కె ఇవ్వాలా, డయాలసిస్ చేయాలా, ఇంకేదైనా చేయాలా అన్నది డాక్టరు ఆ పేరు చూసే తేల్చుకుంటారు.